కారు అసలు మైలేజీని లెక్కగట్టే పద్ధతి

మారుతి వ్యాగనార్ 1.0 లీటరు పెట్రోలు మాన్యువల్ కారుకు ప్రకటించిన మైలేజీ లీటరుకు 24.35 కిలోమీటర్లు, అది ప్రయోగశాలలో రోలర్లపై, నిర్ణీత వేగాలతో నడిపి తేల్చిన అంకె కనుక, మన దారిలో మన కారు ఎంత ఇస్తుందో ట్యాంకు నుంచి ట్యాంకుకు మనమే లెక్క వేసుకోవాలి.

ముందుగా, ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడే, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరుపై ఉన్న మేరకు గాలి సరిచూసుకోవాలి. బంకులో నాజిల్ దానంతట అది ఆగే వరకు పెట్రోలు పోయించి, ట్రిప్ మీటరును సున్నాకు తేవాలి. ‘రౌండు చేసేయమంటారా సార్?’ అని అడిగే కుర్రాడికి మర్యాదగా వద్దని చెప్పాలి, ఎందుకంటే ఆపైన పోసే అర లీటరే లెక్కను పాడుచేస్తుంది. సగం ట్యాంకుకు పైగా ఖర్చయ్యాక, వీలైతే అదే పంపు దగ్గర, మళ్లీ మొదటిసారి ఆగే వరకే నింపించి, తిరిగిన కిలోమీటర్లను బిల్లులోని లీటర్లతో భాగించాలి: 413 కిలోమీటర్లకు 23.6 లీటర్లు పడితే మైలేజీ 17.5.

మూడు నాలుగు సార్లు నింపించాక, మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగిస్తే నింపడంలోని హెచ్చుతగ్గులు చాలావరకు సర్దుకుంటాయి. డాష్‌బోర్డు చూపే సగటు తరచూ కాస్త ఉదారంగానే ఉంటుంది.