ఎవరూ తెరవని కాయిన్ రోల్స్ కొంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

అమెరికాలో ఇయర్ ఎండ్ సేల్స్ వచ్చాయంటే, "ఎవరూ తెరవనివి" అంటూ వీట్ పెన్నీ (వెనక గోధుమ కంకులుండే పాత ఒక సెంటు నాణెం) రోల్స్, అంటే కాగితంలో చుట్టిన నాణేల కట్టలు, మళ్లీ కుప్పలుగా అమ్మకానికి పెడతారు.

– రోల్ చివర 1909-ఎస్ వీడీబీయో, 1914-డీయో (రెండూ అరుదైన పెన్నీలు; ఎస్, డీ అంటే ముద్రించిన టంకశాల గుర్తులు, వీడీబీ అంటే డిజైనర్ ఇనీషియల్స్) కనిపించిందని ఎక్కువ డబ్బు పెట్టకండి. పాత బ్యాంకు పేపర్లూ, అంచులు మడిచే మెషీన్లూ బయట దొరుకుతాయి, ఎర వేయడానికే ఆ నాణేన్ని అక్కడ పెడతారు, లోపలివన్నీ మామూలువే.

– 1944-డీలో ఒక 4ని చెక్కేసి 1914-డీ చేస్తారు. నాణెం మీది లింకన్ బొమ్మ భుజం అంచున, లెన్స్ పెడితేనే కనిపించేంత చిన్నగా వీడీబీ అని ఉంటే అది 1914ది కాదు, ఆ అక్షరాలు అక్కడికి వచ్చింది 1918లో.

– 1943 పెన్నీలు స్టీలువి, పొరపాటున రాగితో పడ్డవి చాలా అరుదు. అందుకే రాగి రంగు 1943 పెన్నీకి అయస్కాంతం పెట్టండి. అతుక్కుంటే స్టీలుకి రాగి పూత, అంతే.

– వెతకడమే సరదా అయితే బ్యాంకులో హాఫ్ డాలర్ రోల్ అడగండి. 20 నాణేలకు 10 డాలర్లే, 1964 నాటిది తగిలితే 90 శాతం వెండి, ఏమీ లేకపోతే తిరిగి డిపాజిట్ చేసేయొచ్చు.

– ఏది దొరికినా తోమకండి, ధర పడిపోతుంది.