పాత అంబాసిడర్‌ను నెలల తరబడి షెడ్డులో ఉంచే ముందు జాగ్రత్తలు

చివరిసారి నడిపి వచ్చాక, ఇంజన్ వేడి తగ్గకముందే పాత ఆయిల్ తీయించి కొత్తది పోయించాలి. నల్లబడిన ఆయిల్‌లోని ఆమ్లాలు బేరింగులను తినేస్తాయి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది పెట్రోలు మీద. 20 శాతం ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరు పైపులను పాడుచేస్తుంది, ఎక్కువకాలం కదలకుండా ఉంటే కార్బురేటర్‌లో జిగురులా పేరుకుంటుంది. అందువల్ల ఇంజన్ పూర్తిగా చల్లారాక, నిప్పుకు దూరంగా, ఆరుబయట ట్యాంకును, కార్బురేటర్‌ను ఖాళీ చేయించడమే మేలని నా అభిప్రాయం.

బ్యాటరీ తీసేటప్పుడు ముందుగా నెగటివ్ వైరు విప్పాలి.

హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేస్తే బ్రేకు షూలు డ్రమ్ములకు అతుక్కుపోతాయి కనుక, దానిని వదులుగా ఉంచి చక్రాలకు ముందూ వెనుకా చెక్కదిమ్మలు పెట్టాలి.

ఎలుకలు దూరకుండా సైలెన్సర్ గొట్టంలో గుడ్డ కుక్కి, ఆ సంగతి చీటీ మీద రాసి స్టీరింగుకు కట్టాలి.

ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ నిలిచి పెయింటు పొక్కుతుంది. నూలు దుప్పటి కప్పాలి.