కోడితో కాపురం – 4వ పాఠం: క్యాష్ ఎంత పెట్టాలి?

కోడి అంటే టీవీలో వీడియోలు ఆడించే యాప్. దాని క్యాష్‌కి, అంటే ఆడబోయే వీడియో ముక్కని ముందే దాచుకునే చోటుకి, సైజు రాసుకోమన్న పోయిన పాఠం చదివి ముగ్గురు తమ టీవీలను పడుకోబెట్టేశారు. నరసన్నపేట నుంచి ఒకాయన రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేసి, "మాస్టారూ, మీరు చెప్పినట్టే రాసీసేను. బొమ్మ వస్తంది, నిమిషం తిరక్కుండా పెట్టె ఆరిపోయి మళ్లీ మొదటికొచ్చీస్తంది" అన్నారు. పెట్టె అంటే టీవీకి తగిలించే ఆండ్రాయిడ్ బాక్స్. ఎంత రాశారని అడిగితే 300 ఎంబీ. అంతెందుకండీ అంటే, "ఎక్కువుంటే మంచిదే కదా!"

ఈ పాఠమంతా ఆ ఒక్క మాటకే పోతుంది. ఈసారి చెప్పాల్సిన సబ్‌టైటిల్స్ పాఠం వచ్చేసారి.

తప్పులో సగం నాది. యూజర్‌డేటా ఫోల్డర్‌లో అడ్వాన్స్‌డ్‌సెట్టింగ్స్ ఫైలు పెట్టి అందులో క్యాష్ మెమరీ రాయమన్నాను గానీ, ముందు మీ పెట్టెలో ర్యామ్, అంటే పని నడుస్తున్నంతసేపు వాడుకునే మెమరీ, ఎంతుందో చూసుకోమనలేదు. పాత వెర్షన్లలో మనం ఎంత రాస్తే దానికి మూడింతల ర్యామ్ ఖాళీగా ఉండాలని కోడి వాళ్లే రాసుకున్నారు. 300కి మూడింతలంటే 900. ఆయనది 1 జీబీ పెట్టె. ఆండ్రాయిడ్ ఎక్కడ కూర్చోవాలి మరి?

రెండో ఆయన ఫైల్లో 64 అని రాశారు, ఎంబీ అనుకుని. ఆ ఫైలుకి ఎంబీలు తెలీవు, బైట్లే తెలుసు. 64 బైట్లంటే మీ ఇంటిపేరూ ఊరిపేరూ రాస్తే నిండిపోతుంది. మూడో ఆయన సున్నా పెట్టారు, క్యాష్ వద్దనుకుని. సున్నా అంటే వద్దని కాదు, ర్యామ్ బదులు డిస్కు మీద దాచమని. పెట్టెలో ఉన్న ఆ చిన్న మెమరీ మీదే రోజూ సినిమాలు రాస్తూ చెరుపుతూ పోతే అదెన్నాళ్లు ఉంటుంది?

ఇంకొందరికి ఏ మార్పూ కనబడలేదు. వాళ్లది కోడి 21, అంటే 2024లో వచ్చిన ఒమేగా. అందులో ఆ ఫైల్లోని క్యాష్ లైన్లను కోడి పట్టించుకోదు. సెట్టింగ్స్‌లోనే ఇచ్చేశారు. సెట్టింగ్స్‌లో సర్వీసెస్ తెరిచి ఎడమవైపు కింద ఉన్న పళ్లచక్రం గుర్తుని నొక్కుతూ ఎక్స్‌పర్ట్ దాకా తీసుకెళ్లండి. తర్వాత అందులోనే క్యాషింగ్. అవసరమైనవాళ్లు మెమరీ సైజు దగ్గర 64 ఎంబీ ఎంచుకోండి, ఎవరికి అవసరమో చివర్లో అభ్యాసం చెబుతుంది. రీడ్ ఫ్యాక్టర్, అంటే క్యాష్‌ని ఎంత వేగంగా నింపాలన్నది, అడాప్టివ్‌లో వదిలేయండి. చంక్ సైజు, అంటే ఒక్కసారికి చదివే ముక్క, దాని జోలికి వెళ్లొద్దు. బఫర్ మోడ్‌లో, అంటే వేటికి క్యాష్ వాడాలన్న చోట, నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్స్ అన్నిటికీ అన్నది చాలు. పెన్‌డ్రైవ్ నేరుగా టీవీకి గుచ్చుకునేవాళ్లకి ఈ గోలే లేదు.

సెట్టింగ్ అంతే. ఇక నాకు ఒళ్లు మండే సంగతి.

క్యాష్ అంటే వేగం కాదు. వంశధార మీది గొట్టా బ్యారేజీ గేట్లు ఎంత ఎత్తినా, కాలువ మధ్యలో పూడిపోయి ఉంటే టెక్కలి వైపు శివారు చేనుకి నీళ్లు రావు. ఆ చేను పక్కన పెద్ద గుంట తవ్వుకుంటే? గుంటలో ఉన్నంతసేపే తడి. కాలువలో పారుదల ఎగుడుదిగుడుగా ఉంటే గుంట ఆదుకుంటుంది. పారుదలే చాలకపోతే దాని వల్ల ఏమవుతుంది?

లెక్క వేసి చూపిస్తాను. మొన్న పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి మా మేనల్లుడు విజయనగరం వెళ్లి ఫోన్‌లో 4కే వీడియో తీసుకొచ్చాడు. 12 నిమిషాలు, 4,320 ఎంబీ. 12 నిమిషాలంటే 720 సెకన్లు. భాగిస్తే సెకనుకి 6 ఎంబీ. దాన్ని రౌటర్‌కి తగిలించిన హార్డ్‌డిస్క్‌లో వేసి, నడవ దాటి హాల్లో ఉన్న టీవీలో వైఫై మీద పెట్టాం. కోట ముందు సిరిమాను ఊగుతూ వస్తోంది, కొసన పూజారి, కింద జనం అరటిపళ్లు విసురుతున్నారు. ఒక అరటిపండు గాల్లోనే ఆగిపోయింది. దాని పక్కన గుండ్రంగా తిరిగే గుర్తు. మా అమ్మ అయితే అమ్మవారి మహిమేమో అనుకుంది.

మా గోడల గుండా వైఫై ఇచ్చింది సెకనుకి 4 ఎంబీయే. ఖర్చు 6, రాబడి 4, లోటు 2. కోడి మామూలుగా ఇచ్చే 20 ఎంబీ క్యాష్ మొదట్లో నిండుగా ఉందనుకున్నా 10 సెకన్లకి ఖాళీ. 64 పెడితే 32 సెకన్లు. 300 పెడితే రెండున్నర నిమిషాలు. ఆ తర్వాత మళ్లీ అదే అరటిపండు. అదే వీడియోకి వైఫై సగటున 8 ఇస్తూ, మధ్యలో మిక్సీ వేసినప్పుడో ఎందుకో ఐదారు సెకన్లు పూర్తిగా పడిపోతుందనుకోండి. ఆ ఆరు సెకన్లకి కావలసింది 36 ఎంబీ. 20 చాలదు, 64 భేషుగ్గా చాలుతుంది. క్యాష్ పనికొచ్చేది అక్కడ.

"మాకు 100 ఎంబీపీఎస్ ప్లానండీ, అయినా ఆగుతోంది" అని ఇంకొకరు. డిస్కు మీ ఇంట్లోదే, టీవీ మీ ఇంట్లోదే. బొమ్మ రౌటర్ దగ్గర్నుంచి హాల్లోకే రావాలి, వీధిలోకి పోదు. ప్లాన్‌తో దానికేం పని? పైగా ప్లాన్‌లో చెప్పేవి బిట్లు, ఫైల్ సైజులో కనిపించేవి బైట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. 100ని ఎనిమిదితో భాగించండి, సెకనుకి పన్నెండున్నర ఎంబీ.

నేనైతే వైఫైని నమ్మను. కిటికీ చెక్క కింద నుంచి 15 మీటర్ల నెట్‌వర్క్ కేబుల్ లాగేశాను, ఇంట్లో అందరూ తిట్టారు. 100 ఎంబీపీఎస్ పోర్ట్ మీద కూడా సెకనుకి 11 ఎంబీ దాకా వస్తోంది. సిరిమాను ఆగలేదు. క్యాష్ మళ్లీ 20కే దించేశాను.

అభ్యాసం, కాస్త ఓపిక కావాలి. మీ డిస్కులో బాగా బరువైన వీడియోలు మూడు తీసుకోండి, పెళ్లి వీడియో ఒకటి తప్పకుండా. సైజుని సెకన్లతో భాగించి నోట్‌బుక్‌లో రాయండి. ఒక్కోటి ప్లే చేసి నిమిషం అయ్యాక కింద గీత మీద చూడండి. ఆడుతున్న చోటుకి ముందు లేత రంగు పట్టీ కనబడుతుంది, అదే క్యాష్. అది పెరుగుతోందా, నిలకడగా ఉందా, కరిగిపోతోందా? ఇదే పని మధ్యాహ్నం ఒకసారి, అందరూ ఇంటికొచ్చి ఫోన్లు పట్టుకున్నాక రాత్రి ఎనిమిదికి ఒకసారి, నాలుగు రోజులు చేయండి. పట్టీ కరిగిపోయేవాళ్లు సెట్టింగ్ ముట్టుకోకుండా కేబుల్ కొలతకి టేపు తీసుకోండి. పట్టీ పెరుగుతూ తరుగుతూ ఊగిసలాడేవాళ్లే 64 పెట్టండి. 1 జీబీ పెట్టె వాళ్లు అంతకు మించితే నాకు ఫోన్ చెయ్యొద్దు, ముఖ్యంగా తొమ్మిదిన్నరకి.