పారలల్ జనరేటర్లు: ట్రిప్ అయిన సెట్టుదేనా తప్పు?

సమస్య: ఒకే బస్‌బార్‌కు (అన్నిటికీ ఉమ్మడి కరెంటు పట్టీ) కలిపి నడిపే మూడు జనరేటర్ సెట్లలో రెండు వెంటవెంటనే రివర్స్ పవర్‌లో (కరెంటు ఇవ్వాల్సింది పోయి తీసుకోవడం వల్ల) ట్రిప్ అయ్యాయి. కాసేపటికి మూడోదీ ఆగి కరెంటు మొత్తం పోయింది.

అందరూ ట్రిప్ అయిన సెట్ల దగ్గరికే పరుగెత్తుతారు. ఫిల్టర్లు మారుస్తారు, ట్రిప్ చేయించే రిలే పరీక్షిస్తారు, అన్నీ బాగానే ఉంటాయి. ముందు ఈవెంట్ లాగ్‌లో ఆ క్షణాన బస్‌బార్ ఫ్రీక్వెన్సీ ఎంతుందో చూడండి. మామూలుగానో, తక్కువగానో ఉంటే ఆ ఇంజనుకే డీజిల్ అందడం లేదు. ఫిల్టర్, పైపులో గాలి, ట్యాంకులో నీళ్లు చూసుకోవాలి. ఫ్రీక్వెన్సీ పెరిగి ఉంటే దొంగ వేరే చోట ఉన్నాడు.

కారణం: 400 కిలోవాట్ల సెట్లు మూడు, మొత్తం లోడు 300 కిలోవాట్లు అనుకుందాం. ఒకదాని ఆక్చుయేటర్ (డీజిల్ మోతాదు మార్చే భాగం) పూర్తిగా తెరుచుకుని బిగుసుకుపోతే అది ఒక్కటే 400 నెడుతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగిందని మిగతా సెట్ల గవర్నర్లు (ఇంజను వేగాన్ని అదుపు చేసేవి) డీజిల్ తగ్గించేస్తాయి. మిగులు 100 కిలోవాట్లు, తలా 50 చొప్పున, ఆ రెండింటినీ మోటార్లలా తిప్పుతాయి. రివర్స్ పవర్ రిలే సెట్టు సామర్థ్యంలో 10 శాతానికి, అంటే 40 కిలోవాట్లకు పెట్టి ఉంటే, గడువు తీరగానే బాగున్న సెట్లు రెండూ బయటికి పోతాయి. చెడిన సెట్టు ఒంటరిగా మిగిలి, ఓవర్‌స్పీడ్‌లో ఆగుతుంది. పాపం, రిలేకు తన సెట్టు తప్ప మరొకటి కనబడదు.

పరిష్కారం: ఇంజను ఆపి, స్టార్ట్ కాకుండా బ్యాటరీ విప్పి, ఆక్చుయేటర్ లింకేజీని చేత్తో కదపండి. పట్టేస్తుంటే శుభ్రం చేయాలి లేదా మార్చాలి. తేలిగ్గా కదిలితే గవర్నర్ వైరింగ్, లోడ్ షేరింగ్ (సెట్ల మధ్య లోడు పంచే) తీగలు చూడాలి. ఆపైన కంట్రోలర్‌లో ఒక షరతు చేర్చండి: ఫ్రీక్వెన్సీ పెరిగినప్పుడు సగటు కంటే బాగా ఎక్కువ మోస్తున్న సెట్టే ముందు ట్రిప్ కావాలి, అదీ రివర్స్ పవర్ గడువు తీరేలోపే. ట్రిప్పుల బెడద తప్పుతుందని రివర్స్ పవర్ శాతం పెంచేవాళ్లున్నారు. అలా చేస్తే ఆగిపోయిన ఇంజనును మిగతావి బలవంతంగా తిప్పి బేరింగులు నాశనం చేస్తాయి.

సమస్య: కిలోవాట్లు సమానమే, ఆంపియర్లు మాత్రం విపరీతం.

ఇది వోల్టేజీ వైపు తగువు. వోల్టేజీ పెరిగి, ఒక సెట్టు ఎక్కువ కేవీఏఆర్ (రియాక్టివ్ పవర్) ఇస్తుంటే, ఎక్సైటేషన్ (జనరేటర్ అయస్కాంతానికిచ్చే కరెంటు) పోయిందని ట్రిప్ అయిన సెట్టును వదిలి, ఎక్కువ ఇస్తున్న సెట్టు ఏవీఆర్‌ను (వోల్టేజీని అదుపు చేసే పరికరం) చూడండి. మరమ్మతు తర్వాత మొదలైతే డ్రూప్ సీటీ (రియాక్టివ్ లోడు పెరిగితే వోల్టేజీ కాస్త తగ్గించమని ఏవీఆర్‌కు చెప్పే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) తీగలు తారుమారై ఉండవచ్చు. ఆ సెట్టును ఒంటరిగా నడిపి మోటారు లోడు ఇవ్వండి. వోల్టేజీ కొద్దిగా తగ్గాలి, పెరిగితే తీగలు తిరగబడినట్టే. సెట్టు ఆపాకే మార్చండి. నడుస్తుండగా సీటీ సెకండరీ విప్పితే ప్రాణాపాయం.

సమస్య: సెట్టును బస్‌బార్‌కు కలిపే బ్రేకర్ మూసుకోగానే ఇంజను అదురుతోంది.

సింక్రోస్కోప్ (సెట్టూ బస్‌బారూ ఎంత కలిసి నడుస్తున్నాయో చూపే మీటరు) ముల్లు పైన నిలిచినప్పుడు, తెరిచి ఉన్న బ్రేకర్‌లో ఒకే ఫేజ్ రెండు కొసల మధ్య వోల్టేజీ దాదాపు సున్నా ఉండాలి. మీటరు వందల వోల్టులు చూపిస్తే పీటీ (సింక్రోస్కోప్‌కు వోల్టేజీ అందించే ట్రాన్స్‌ఫార్మర్) వైరింగ్ తప్పు. సున్నాకు దగ్గరగానే ఉంటే స్లిప్ (సెట్టుకూ బస్‌బార్‌కూ ఫ్రీక్వెన్సీ తేడా) చూడండి: 0.2 హెర్ట్జ్ తేడాతో కోణం సెకనుకు 72 డిగ్రీలు జరుగుతుంది, బ్రేకర్ 0.1 సెకను ఆలస్యమైనా 7 డిగ్రీలు తప్పుతుంది.