ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మాలంటే ఏ కాగితం ముందు, ఏది తర్వాత

పచ్చళ్లు, పొడులు, పిండివంటలు ఇంట్లో చేసి అమ్మేవాళ్లు ఎఫ్ఎస్ఎస్ఎఐ (దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) నంబరు రాగానే అన్నీ అయిపోయాయనుకుంటారు. తంటాలు ఎక్కువగా గ్యాస్ బండతోనూ, కరెంటు మీటరుతోనూ, పక్క రాష్ట్రానికి పంపే పార్సిల్‌తోనూ వస్తాయి.

దరఖాస్తు పెట్టకముందే ఇంటి సంగతి తేల్చుకోండి. అద్దె ఇల్లయితే ఒప్పందంలో ‘నివాసానికి మాత్రమే’ అన్న మాట ఉందేమో చూసి, ఓనరుతో అనుమతి రాయించుకోండి. అపార్ట్‌మెంటయితే అసోసియేషన్ బైలాస్ చదవండి. రోజూ మిరపకారం ఘాటు, పోపు వాసన వస్తుంటే పై ఫ్లాటువాళ్లు ఊరుకోరు. ఫిర్యాదు మునిసిపాలిటీ దాకా వెళ్తే ట్రేడ్ లైసెన్సు ఏదని అడుగుతారు. దాన్ని ముందే తీసుకోవడం మేలు. వ్యాపారానికి వాడే భాగానికి ఇంటిపన్ను నివాసేతర రేటుకు మారవచ్చు, ఆ లెక్క కూడా ధరలో వేసుకోండి.

ఎఫ్ఎస్ఎస్ఎఐ విషయానికొస్తే, చిన్నవాళ్లకు కావలసింది లైసెన్సు కాదు, రిజిస్ట్రేషన్. 2011 నిబంధనలు దీనికి పెట్టిన హద్దు ఏడాదికి 12 లక్షల టర్నోవరు, ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఇలాంటి అంకెలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున ఎఫ్ఎస్ఎస్ఎఐ వాళ్ల ఫాస్కోస్ పోర్టల్‌లో చూసుకోండి. ఫోటో, గుర్తింపు కార్డు, ఇంటి చిరునామా రుజువు దగ్గర పెట్టుకుని కూర్చుంటే గంటలో పూర్తవుతుంది. ఏజెంటుకు వేలు పోయనక్కర్లేదు. చాలామంది తప్పు చేసేది వ్యాపారం రకం దగ్గర: పచ్చడి తయారుచేస్తూ ‘రిటైలర్’ అని ఎంచుకుంటారు. మీరు తయారీదారు. ఆధార్‌లో ఒక చిరునామా, కరెంటు బిల్లులో ఇంకొకటి ఉన్నా ప్రశ్నలు వస్తాయి. వచ్చిన 14 అంకెల నంబరు 2తో మొదలైతే రిజిస్ట్రేషన్, 1తో మొదలైతే లైసెన్సు.

నూనె పచ్చడికి ప్రమాణం కూడా ఉంది. ముక్కల పైన కనీసం అర సెంటీమీటరు నూనె తేలాలి, లేదా మొత్తంలో 10 శాతానికి తగ్గకుండా నూనె ఉండాలి. నూనె ధర పెరిగిందని అక్కడ పొదుపు చేస్తే గాలి తగిలిన ముక్కకు బూజు పడుతుంది, సరుకు తిరిగొస్తుంది. తడి గరిటె, సరిగ్గా ఆరని సీసా కూడా అంతే చేటు.

ఇక గ్యాస్. సబ్సిడీ వచ్చినా రాకపోయినా 14.2 కిలోల ఇంటి బండ వంటింటి అవసరానికే. దానితో అమ్మకానికి వండితే తనిఖీలో బండ స్వాధీనం చేసుకుని కేసు పెడతారు. 19 కిలోల కమర్షియల్ బండ తీసుకోండి. మొత్తం నిల్వ 100 కిలోలు దాటనివ్వకండి, దాటితే నిల్వకే వేరే లైసెన్సు కావాలి.

కరెంటు మీద మరీ అశ్రద్ధ చేస్తారు. ఇంటి కనెక్షన్‌పై పిండిమర, గ్రైండర్లు, సీలింగ్ మిషన్ తిప్పితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద ‘అనధికార వినియోగం’. ఆ వాడకానికి వర్తించే టారిఫ్‌కు రెండింతలు వేస్తారు. ఎప్పటినుంచి వాడుతున్నారో తేలకపోతే వెనక్కి 12 నెలలు లెక్కగడతారు. పనిగదికి విడిగా మీటరు పెట్టించుకుంటే ఇంటి వాడకం మామూలు రేటులోనే ఉంటుంది. అడిగేటప్పుడు కుటీర పరిశ్రమ కేటగిరీ కిందికి వస్తారేమో కూడా కనుక్కోండి, కమర్షియల్ రేటుకూ దానికీ తేడా బాగా ఉంటుంది.

జీఎస్టీలో రాష్ట్రాన్నిబట్టి తేడా ఉంది. సొంత రాష్ట్రంలోనే సరుకు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షల టర్నోవరు దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ విజయవాడ నుంచి హైదరాబాదుకు ఒక్క సీసా అమ్మి పంపినా అది అంతర్రాష్ట్ర అమ్మకం, టర్నోవరు ఎంతైనా రిజిస్ట్రేషన్ తప్పదు. 2014 ముందు ఒకే రాష్ట్రంలో ఉన్న ఊళ్లు కావడంతో ఇది చాలామందికి తట్టదు. చిన్న వ్యాపారులు టర్నోవరు మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పథకంలో చేరితే రాష్ట్రం దాటి అమ్మే వీలే లేదు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు అమ్మాలంటే జీఎస్టీతోపాటు ఐఈసీ (ఎగుమతి, దిగుమతిదారుల) కోడ్ కూడా తీసుకోవాలి.

సీసా మీద ఉండాల్సినవి: పదార్థం పేరు, ఎక్కువ నుంచి తక్కువ క్రమంలో దినుసులు, నికర బరువు, తయారుచేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, బ్యాచ్ నంబరు, అన్ని పన్నులూ కలిపిన ఎంఆర్‌పీ, మీ పేరు, చిరునామా, ఫిర్యాదుకు ఫోను, ఎఫ్ఎస్ఎస్ఎఐ నంబరు. శాకాహారానికి ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, రొయ్యల పచ్చడికి గోధుమరంగు చతురస్రంలో త్రికోణం. యూనిట్ ధర మరిచిపోతుంటారు: 250 గ్రాములు 150 రూపాయలైతే ‘గ్రాముకు రూ. 0.60’ అని వేయాలి. నికర బరువంటే సీసా బరువు తీసేశాక మిగిలేది. తూచే కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా మళ్లీ వేయించాలి. ఆన్‌లైన్‌లో కొన్న వంటింటి కాటా వ్యాపారానికి చెల్లదు. ప్యాకింగ్ మొదలుపెట్టిన 90 రోజుల్లో అదే శాఖ దగ్గర ప్యాకరుగా నమోదు చేసుకోవాలి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు) తప్పనిసరి కాదు గానీ బ్యాంకు రుణానికి పనికొస్తుంది. ఆధార్‌తో ఉచితంగా వస్తుంది. డబ్బులు అడిగే సైటు కనిపిస్తే మూసేసి, ప్రభుత్వ పోర్టల్‌కు వెళ్లండి.