పాస్‌పోర్ట్ దరఖాస్తు: ఫీజు లింక్ నొక్కినా కదలకపోతే

మొన్న మా వీధిలో ఒకాయన పాస్‌పోర్ట్‌కి అప్లై చేస్తూ ఫీజు కట్టే దగ్గర ఆగిపోయారు. లింక్ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. సర్వర్ డౌన్ అనుకుని రెండు రోజులు చూసి నెట్ సెంటర్‌కి వెళ్తే, రూ.1,500 ఫీజుకి రూ.3,000 తీసుకున్నారు. అక్కడి కుర్రాడు చేసిందల్లా అదే పేజీని ఇంకో బ్రౌజర్‌లో తెరవడం.

మొదటి మెట్లు తేలికే. సైట్ అడ్రస్ పాస్‌పోర్ట్‌ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్. చివర ‘గవ్ డాట్ ఇన్’ ఉందో లేదో చూసుకోండి, నకిలీ సైట్ల గురించి విదేశాంగ శాఖే హెచ్చరించింది. మీ సొంత మెయిల్‌తోనే రిజిస్టర్ అవ్వండి. నెట్ సెంటర్ వాళ్ల మెయిల్ ఇస్తే తర్వాత పాస్‌వర్డ్ కోసం వాళ్ల చుట్టూ తిరగాలి. ఫారం నింపి సబ్మిట్ చేస్తే ఏఆర్‌ఎన్, అంటే మీ దరఖాస్తు రిఫరెన్స్ నంబర్ వస్తుంది.

ఆ తర్వాతే చిక్కంతా. ‘పే అండ్ షెడ్యూల్ అపాయింట్‌మెంట్’ నొక్కుతారు, ఏమీ జరగదు.

చాలాసార్లు సైట్ బాగానే ఉంటుంది. పేమెంట్ పేజీ కొత్త విండోలో తెరుచుకోబోతే బ్రౌజర్ దాన్ని ప్రకటన అనుకుని ఆపేస్తుంది. క్రోమ్‌లో అడ్రస్ బార్ కుడి చివర చిన్న గుర్తు వస్తుంది, మనం దాన్ని చూడం. దాని మీద నొక్కి, ఈ సైట్‌కి పాప్-అప్‌లు అనుమతించి, మళ్లీ లింక్ నొక్కండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే క్రోమ్ సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, పాప్-అప్స్ అండ్ రీడైరెక్ట్స్.

అప్పటికీ కదలకపోతే కంప్యూటర్‌ క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కి ఇన్‌కాగ్నిటో విండోలో, అంటే పాత కుకీలు (సైట్లు మన బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లు) లేని కొత్త విండోలో లాగిన్ అవ్వండి. మామూలుగా అందులో ఎక్స్‌టెన్షన్లు, అంటే మనం బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకున్న చిన్న ప్రోగ్రాములు పనిచేయవు. అక్కడ లింక్ తెరుచుకుంటే దోషం మీ యాడ్ బ్లాకర్‌దో (ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్), పాత కుకీలదో అన్నమాట. కుకీలు తుడిచేటప్పుడు ఆ ఒక్క సైట్‌వి తుడిస్తే చాలు, మొత్తం ఊడ్చేస్తే మిగతా సైట్లన్నిటిలోనూ మళ్లీ లాగిన్ అవ్వాలి. ఫారం తెరిచి టీ తాగొచ్చినా, మధ్యలో బ్యాక్ బటన్ నొక్కినా సెషన్, అంటే మీ లాగిన్ పోవచ్చు. పేజీ కళ్లెదుటే ఉంటుంది, లింకులు మాత్రం చచ్చుబడి ఉంటాయి. లాగౌట్ అయి మళ్లీ రండి, ఏఆర్‌ఎన్ ఎక్కడికీ పోదు. సైట్ అసలు తెరవకుండా భద్రత హెచ్చరిక వస్తుంటే, కంప్యూటర్‌లో తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. పాత డెస్క్‌టాప్‌లలో గడియారాన్ని నడిపే లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి తేదీ ఎక్కడో వెనక్కి పోయి ఉంటుంది.

ఇవేవీ పనిచేయకపోతే అప్పుడు సర్వర్‌ని అనుమానించండి. తెల్లవారుజామున ఓసారి ప్రయత్నించండి.

ఒక్కటి మాత్రం తొందరపడి చేయకండి. ఖాతాలో డబ్బు కట్ అయి పేజీ బిగుసుకుపోతే, వెంటనే రెండోసారి కట్టొద్దు. బ్యాంకు ఎస్ఎంఎస్ చూసుకుని, సైట్‌లో పేమెంట్ స్టేటస్ చూడండి. టెన్షన్ పడక్కర్లేదు, కట్టిన ఫీజు ఏడాది పాటు చెల్లుతుంది. ఓటీపీ చెబితే తేల్చేస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి.

అపాయింట్‌మెంట్ దొరికాక రసీదు ప్రింట్ కోసం మళ్లీ నెట్ సెంటర్‌కి పరిగెత్తక్కర్లేదు. ఫోన్‌కి వచ్చిన ఎస్ఎంఎస్ చూపిస్తే సరిపోతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం మర్చిపోకండి.