వరద లెక్క మనమే వేసుకుందాం – 3వ పాఠం: వందేళ్ల వరద

కిందటి పాఠంలో క్యూసెక్కు, టీఎంసీ చూశాం కదండీ, అయినా టీవీ చర్చల్లో "పాతిక లక్షల టీఎంసీలు సముద్రం పాలు" అనేవాళ్లు అంటూనే ఉంటారు. సెకనుకి ఎన్ని ఘనపుటడుగులు పారుతుందో క్యూసెక్కు చెప్తది, మొత్తం ఎంత నీరో టీఎంసీ చెప్తది (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 8.64 టీఎంసీలు, ఇదొక్కటి కంఠతా పట్టేయండి.

ఇప్పుడు అసలు పాఠం. మన గోదారి లంకల్లో ఎవర్నడిగినా 1986 వరద గురించి చెప్తారు, ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. "అది వందేళ్ల వరదండీ, వచ్చేసింది, ఇంక మన కాలంలో రాదు" అని గట్టు మీద కూర్చుని ధీమాగా చెప్పేవాళ్లున్నారు. 2022 జులైలో పాతిక లక్షలు దాటేసరికి ఇంకొకళ్లు "36 ఏళ్లకే మళ్లీ వచ్చింది, సైంటిస్టుల లెక్కలన్నీ ఉత్తివే" అన్నారు. అది 86 అంత పెద్దదే కాదు, సరే ఆ సంగతి పక్కన పెట్టండి.

వందేళ్ల వరద అంటే వందేళ్లకోసారి వంతు ప్రకారం వచ్చేది కాదు, ఏ ఏడాదైనా అంతకన్నా పెద్దది వచ్చే అవకాశం 1 శాతం ఉన్న వరద. నిరుడొచ్చినా ఈ ఏడాదీ అదే 1 శాతం, గోదారికి పాత బాకీ తీరిపోయిందన్న లెక్కేం ఉండదు మరి.

ఫోన్‌లో కాలిక్యులేటర్ తియ్యండి. ఒక ఏడాది రాకుండా ఉండే అవకాశం 0.99. ఇల్లు కట్టి 30 ఏళ్లు ఉంటాం అనుకుంటే 0.99ని 30 సార్లు వేసి గుణించండి, 0.74 వస్తది, అంటే ఆ 30 ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. నాలుగో వంతు పైనే! లంకలో స్థలం కొనేవాళ్లకి ఈ మాట ఎవరూ చెప్పరు.

మరి క్లైమేట్ చేంజ్ ఎక్కడొస్తది? ఆ 1 శాతం తీసేది పాత రికార్డుల్లోంచే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టగలదు, పెద్ద వానలు ఇంకా పెద్దవైతే నిన్నటి 1 శాతం వరద రేపు 2 శాతం అవ్వొచ్చు. అలాగని ఒక్క 2022 వరద చూపించి "ఇదే రుజువు" అనేవాళ్లు, 86ది పెద్దది కాబట్టి "ఏమీ మారలేదు" అనేవాళ్లు ఇద్దరూ ఒకే తప్పు చేస్తున్నారు, రెండు వరదలతో అవకాశం ఎటు మారిందో తేలదండీ, దశాబ్దాల రికార్డు కావాలి.

ఇంకోటి, మూడో ప్రమాద హెచ్చరికని కూడా దీంతో కలిపేస్తారు. అది ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 17.75 అడుగుల నీటి మట్టం, ఎన్నేళ్లకోసారి అన్నదానితో దానికి సంబంధం లేదు.

ఇంటి పని: 2 శాతం వరదకి 30 ఏళ్ల లెక్క వేసుకురండి. 45 శాతం దగ్గర రాకపోతే ఎక్కడో గుణకారం తప్పింది.